అనాబ్-ఎ-షాహి: పందిరి దిగిపోతున్న తెల్ల ద్రాక్ష

ఫిబ్రవరి నెలలో హైదరాబాదులో ఏ సూపర్ మార్కెట్‌కైనా వెళ్ళి ద్రాక్షపళ్ళ దగ్గర ఓ నిమిషం నిలబడండి. థాంప్సన్, సోనాకా, శరద్ సీడ్‌లెస్... డబ్బాల మీద చూస్తే ఊరు నాసిక్ అనో, సాంగ్లీ అనో, షోలాపూర్ అనో ఉంటుంది. "అనాబ్-ఎ-షాహి ఉందా బాబూ?" అని అడిగితే అక్కడి కుర్రాడు అదేదో కొత్త రకం బిర్యానీ అనుకునే ప్రమాదం ఉంది. అతని తప్పేమీ లేదు. కానీ ఒకప్పుడు హైదరాబాదు ద్రాక్ష అంటేనే అనాబ్-ఎ-షాహి. నగరం చుట్టూ, అటు పాలమూరు వైపు షాద్‌నగర్ దాకా, ఇటు నల్లగొండ వైపు భువనగిరి దాకా ఉన్న ఎర్ర చెలకల్లో రాతి కడీల మీద పందిళ్ళు వేసి పెంచిన తెల్ల ద్రాక్ష అది.

తెల్ల ద్రాక్ష అంటే నిజంగా తెల్లగా ఉంటుందని కాదు. నల్ల ద్రాక్ష కానిదాన్నంతా తెల్ల ద్రాక్ష అనడం ప్రపంచమంతా ఉన్న అలవాటు. ఇది కాయగా ఉన్నప్పుడు ఆకుపచ్చగా, బాగా పండాక లేత తేనె రంగులో ఉంటుంది. పండు కాస్త పొడుగ్గా, పెద్దగా ఉంటుంది. లోపల గింజలుంటాయి. ఈ గింజల సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, కథ అక్కడే మలుపు తిరుగుతుంది.

ముందు పేరు చూద్దాం. అరబ్బీలో ఇనబ్ అంటే ద్రాక్ష. షాహి అంటే రాచ. రెండూ కలిపితే రాచద్రాక్ష. మన పుస్తకాల మాట ద్రాక్ష సంస్కృతం నుంచి వచ్చింది. తెలంగాణ ఇళ్ళల్లో వినబడే అంగూర్ ఫారసీ మాట. ఒకే పండుకి మన నోట్లో మూడు భాషల పేర్లున్నాయంటే అది మన దగ్గరికి ఒకే దారిలో, ఒకేసారి రాలేదని అర్థం.

నిజానికి దక్కనుకి ద్రాక్ష కొత్తేమీ కాదు. 14వ శతాబ్దంలో దౌలతాబాద్ వచ్చిన ఇబ్న్ బతూతా అక్కడ ద్రాక్ష, దానిమ్మ ఏడాదికి రెండుసార్లు కాస్తాయని రాసుకున్నాడు. 1520ల ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ కూడా అక్కడి బజార్లో ద్రాక్ష గుత్తులు అమ్మేవారని రాశాడు. అయితే అవేవీ అనాబ్-ఎ-షాహి అని చెప్పడానికి ఆధారం లేదు. ఈ రకం గురించి ఉద్యానశాఖ పుస్తకాలు చెప్పే కథ వేరు: 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన పశ్చిమాసియా నుంచి కొన్ని ద్రాక్ష రకాలు తెచ్చి హైదరాబాదులో నాటాడనీ, వాటిలో నిలిచి గెలిచింది ఇదనీ. హైదరాబాదు రాజ్యంలోకి ద్రాక్షను 20వ శతాబ్దం మొదట్లో నిజామే తెప్పించాడని ఇంకో కథనం ఉంది. ఎవరు తెచ్చినా, నిజాం కాలంలో, బయటి నుంచి, కొమ్మల రూపంలో వచ్చిందన్నది రెండు కథల్లోనూ ఉంది. అన్నట్టు ఆ 1890లోనే పాలమూరు పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయింది. అంటే జిల్లా పేరూ, ఈ ద్రాక్షా దాదాపు ఒక ఈడువన్నమాట.

"బయటి నుంచి వచ్చినదాన్ని మనది అంటావేమిటి?" అని అడగొచ్చు. మరి మిరపకాయ ఎక్కడిది? దాన్ని తీసేస్తే ఆవకాయలో మిగిలేదేమిటి? పాలమూరు గుట్టల మీద దానంతటదే పెరిగే సీతాఫలం కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. ఇవాళ సీతాఫలంలో పేరున్న వాణిజ్య రకం పేరు బాలానగర్. హైదరాబాదు నుంచి జడ్చర్ల వెళ్ళే దారిలో, షాద్‌నగర్ దాటాక వచ్చే బాలానగరే అది. ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న. ఎక్కడి మనుషులు దాన్ని తమ నేలకి, తమ ఎండకి తగ్గట్టు మలుచుకున్నారన్నది ఇంకో ప్రశ్న. నాకు రెండోదే ముఖ్యం.

మలుచుకోవడం అని ఊరికే అనలేదు. ద్రాక్ష చలిదేశాల తీగ. అక్కడ చలికాలం రాగానే ఆకులు రాల్చేసి నిద్రపోతుంది, వసంతంలో లేచి చిగురేస్తుంది, వేసవి చివర పండుతుంది. నిద్ర లేపే పని, పడుకోబెట్టే పని వాతావరణమే చూసుకుంటుంది. మన దగ్గర అంత చలి ఎక్కడిది? తీగకి నిద్ర రాదు. వదిలేస్తే అలా పెరుగుతూనే ఉంటుంది, ఆకులే తప్ప గుత్తులుండవు. దీనికి మన దక్కను రైతులు పట్టుకున్న ఉపాయం కత్తెర. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. కోత అయిపోయాక ఎండాకాలంలో ఒకసారి బాగా వెనక్కి కత్తిరిస్తే కొత్త కొమ్మలొస్తాయి. ఆ కొమ్మల కళ్ళల్లోనే రాబోయే పూత తయారవుతుంది. వానాకాలం వెళ్ళిపోతుండగా, అక్టోబరు ప్రాంతంలో, ఆ కొమ్మల్ని కొన్ని కళ్ళు మాత్రం ఉంచి రెండోసారి కత్తిరిస్తారు. ఆ కళ్ళు పగిలి గుత్తులొస్తాయి, ఫిబ్రవరి, మార్చి నెలలకి పండుతాయి. అంటే చలికాలం చేయాల్సిన పని మనిషి చేస్తున్నాడు. ఇబ్న్ బతూతా ఆశ్చర్యపోయిన రెండు కాపుల వెనక ఉన్నదీ ఈ నిద్రపోని గుణమే. తర్వాతి రైతులు రెండు కాపులకి ఆశపడకుండా, రెండు కత్తిరింపులు, ఒక్క మంచి కాపు అన్న పద్ధతికి స్థిరపడ్డారు.

ఇంక పందిరి. యూరప్‌లో ఆల్ప్స్ కొండల మధ్య, ఇటలీ వైపు, మోర్జే అనే ఊరుంది. మోబ్లాం పర్వతం నీడలో, సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తు దాకా అక్కడ ప్రియే బ్లాం అనే తెల్ల ద్రాక్ష పండిస్తారు. వాళ్ళూ పందిరే వేస్తారు. కాకపోతే అది నడుము దాటని పందిరి. పగలు నేల పీల్చుకున్న వేడి రాత్రిపూట గుత్తులకి తగలాలని తీగని నేలకి దగ్గరగా పాకిస్తారు. మనది సరిగ్గా తిరగేసిన లెక్క. ఎండ మండిపోయే చోట వేడి నేలకి దూరంగా, ఏడడుగుల ఎత్తున పందిరి, పైన ఆకుల కప్పు, ఆ నీడలో కిందికి వేలాడే గుత్తులు, వాటి కింద నిలబడి కత్తిరించే మనిషి. అనాబ్-ఎ-షాహి చాలా జోరుగా పాకే తీగ, దానికి చిన్న కంచెలు చాలవు. రాతికి కొదవలేని ఈ జిల్లాల్లో రాతి కడీలు పాతి, ఇనుప తీగలు అల్లి వేసిన ఆ పందిరే దానికి సరిపోయింది. ఒకే సమస్య, రెండు చోట్ల, రెండు వ్యతిరేక సమాధానాలు. ఇంజనీరింగ్ అంటే ఇదే కదా!

కష్టానికి తగ్గ ఫలితమూ ఇచ్చింది. హెక్టారుకి సగటున 35 టన్నుల దాకా కాసే రకంగా దీన్ని పుస్తకాల్లో రాస్తారు. ఎకరాల్లో చెప్పాలంటే సుమారు 14 టన్నులు. దీంతో పోలిస్తే థాంప్సన్ సగటు 20, 25 టన్నులే. పండు త్వరగా చెడిపోదు, రవాణాకి తట్టుకుంటుంది. 1960ల నాటికి హైదరాబాదు చుట్టుపక్కల వాణిజ్య ద్రాక్ష అంటే ప్రధానంగా ఇదే.

సరే, ఇంత గొప్పదైతే ఎందుకు పోయింది?

మన వృత్తి వాళ్ళకి బాగా తెలిసిన కథే. పోటీలో ఉన్నది మెరుగైనది కావడం వల్ల కాదు, దానికి ఒక కొత్త ప్లగిన్ దొరకడం వల్ల. థాంప్సన్ సీడ్‌లెస్ అంటే నిజానికి పశ్చిమాసియాకి చెందిన పాత సుల్తానా ద్రాక్షే. 1870లలో కాలిఫోర్నియాలో విలియం థాంప్సన్ అనే ఆయన పెంచడంతో ఆ పేరు పడింది. గింజ ఉండదు, తీపి బాగుంటుంది, ఎండబెడితే కిస్‌మిస్ అవుతుంది. దానికున్న లోపం ఒకటే, పండు చిన్నది. గింజ ఉన్న పళ్ళల్లో ఆ గింజలు తయారుచేసే హార్మోన్ల వల్లే పండు పెరుగుతుంది. గింజ లేకపోతే పెరుగుదల తక్కువ. అందుకే బజార్లో పెద్ద పండు కావాలంటే అనాబ్-ఎ-షాహి వైపే చూడాల్సి వచ్చేది.

జిబ్బరెల్లిన్ దీన్ని మార్చేసింది. దీని కథ జపాన్ వరిపొలాల్లో మొదలైంది. ఒక తెగులు సోకిన వరినారు పిచ్చిగా పొడుగు పెరిగి పడిపోతుంటే, 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త దానికి కారణం ఆ బూజు విడుదల చేసే పదార్థమేనని తేల్చాడు. ఆ పదార్థమే జిబ్బరెల్లిన్. 1960 ప్రాంతం నుంచి కాలిఫోర్నియా ద్రాక్ష రైతులు దాన్ని థాంప్సన్ గుత్తుల మీద వాడటం మొదలుపెట్టారు. గుత్తిని ఆ ద్రావణంలో ముంచితే గింజ లేని పండు కూడా పెద్దదవుతుంది. ఆ పద్ధతి మన దేశానికీ వచ్చింది. అంతే, అనాబ్-ఎ-షాహికి ఉన్న పెద్ద బలం ఒక మందు డబ్బాలోకి వెళ్ళిపోయింది. గింజ మాత్రం దానికే మిగిలింది. గింజ ఉమ్మే ఓపిక తినేవాళ్ళకి పోయింది.

రెండో దెబ్బ బూజు తెగులు. ఇది అమెరికా నుంచి యూరప్‌కి 1878 ప్రాంతంలో పాకిన జబ్బు. దాని విరుగుడుగా 1885లో ఫ్రాన్సులో మిల్లార్డే కనిపెట్టిందే మన రైతులందరికీ తెలిసిన బోర్డో మిశ్రమం. మైలుతుత్తం, సున్నం, నీళ్ళు. అనాబ్-ఎ-షాహికి ఈ తెగులంటే అసలు తట్టుకునే శక్తి లేదు. పైగా మన కేలెండర్ చూడండి. అక్టోబరులో కత్తిరించాక లేత చిగుళ్ళు, పూగుత్తులు వచ్చే సమయం, బంగాళాఖాతంలో తుఫాన్లు పుట్టే సమయం ఒకటే. అక్కడ తీరాన్ని దాటిన వాయుగుండం ఇక్కడ నాలుగు రోజులు ముసురు పట్టిస్తే చాలు, ఏడాది కష్టం ఆకుల కింద తెల్లబూజు అయిపోతుంది. వాన తక్కువ పడే సాంగ్లీ, షోలాపూర్ వైపు రైతుకి ఆ భయం కొంత తక్కువ.

మూడోది సంఘం. మహారాష్ట్ర ద్రాక్ష రైతులు 1960లోనే రాష్ట్రస్థాయి సంఘం పెట్టుకున్నారు. 1991లో ఎగుమతుల కోసం మహాగ్రేప్స్ వచ్చింది. 2001లో ఆ ప్రభుత్వం ద్రాక్షసారా పరిశ్రమ కోసం ప్రత్యేక విధానమే తెచ్చింది. అక్కడి రైతులు తమ తోటల్లోనే థాంప్సన్‌లో మంచి కొమ్మలు ఏరి తాస్-ఎ-గణేశ్, సోనాకా లాంటి రకాలు తీశారు. మన దగ్గరా గొప్ప రైతులున్నారు. ఆల్వాల్‌కి చెందిన ద్రాక్ష రైతు చింతల వెంకటరెడ్డిగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఒక గొప్ప రైతు వేరు, వేలమంది రైతులు కలిసి నడిపే వ్యవస్థ వేరు.

నాలుగోది నీళ్ళు, నేల. ఈ రెండు జిల్లాల్లో నీళ్ళంటే బోరు. ద్రాక్షకి ఉప్పునీళ్ళు పడవు. ఇక నేల సంగతి చెప్పక్కర్లేదు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం, ఆ తర్వాత 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు, దాని వెంట వెంచర్లు. ఎకరం ధర కోట్లలో పలికే చోట ఏడాదికి రెండుసార్లు కత్తెర పట్టుకుని, తుఫాను వార్తలు వింటూ కూర్చునే రైతుని అమ్ముకోవద్దని ఎవరు చెప్పగలరు? పాత లెక్కల్లో ద్రాక్ష జిల్లాలుగా కనబడే పేర్ల సరిహద్దులు కూడా 2016లో మారిపోయాయి. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి, భువనగిరి కొత్త జిల్లాలోకి వెళ్ళాయి.

ఇక్కడో సందేహం రావాలి. పోతే పోయింది, తినడానికి పనికిరాకపోతే వైన్ చెయ్యొచ్చుగా? ఆల్ప్స్‌లో ఊరికో అరుదైన తెల్ల ద్రాక్ష పెట్టుకుని, దాని పేరు చెప్పి ఒక్కో సీసా ఖరీదుగా అమ్ముకోవట్లేదూ? మోర్జే వాళ్ళు 1983లో సహకార సంఘం పెట్టుకుని అదే చేశారు. కాస్త లెక్క వేద్దాం. ద్రాక్షరసంలో చక్కెరని పులియబెడితే ఆల్కహాలు వస్తుంది. చక్కెర శాతాన్ని రమారమి 0.55తో గుణిస్తే ఆల్కహాలు శాతం వస్తుంది. మామూలు వైన్‌కి 12 శాతం కావాలంటే రసంలో 22 శాతం చక్కెర ఉండాలి. అనాబ్-ఎ-షాహిలో ఉండేది 14 నుంచి 16. అంటే 8, 9 శాతం దగ్గర ఆగిపోతుంది. అలా ఒంటరిగా అది మంచి వైన్ ద్రాక్ష కాదు. 2000ల్లో నాసిక్‌లో వైన్ పరిశ్రమ పెరిగినప్పుడు వాళ్ళు నాటుకున్న తెల్ల రకాలు షెనాం బ్లాం, సావిన్యాం బ్లాం లాంటి ఫ్రెంచి పేర్లే.

కానీ "ఒంటరిగా" అన్నాను చూశారా, అసలు విషయం అక్కడుంది.

ద్రాక్షని గింజ నాటి పెంచరు, కొమ్మ ముక్క నాటి పెంచుతారు. కొమ్మ నాటడమంటే కాపీ-పేస్ట్. షాద్‌నగర్‌లో ఉన్న తీగా, కీసరలో ఉన్న తీగా, 1890 నాటి తీగా జన్యుపరంగా ఒకటే మొక్క. గింజ నాటితే అది కాపీ కాదు. తల్లిదండ్రుల కోడ్‌ని కలగలిపి మళ్ళీ కంపైల్ చేసిన కొత్త ప్రోగ్రాం, తల్లిలా ఉండదు. అందుకే వరి, జొన్న విత్తనాల్లాగ ద్రాక్ష రకాన్ని గింజ రూపంలో చలిగదిలో దాచిపెట్టలేం. బతికున్న తీగే దాని సోర్స్ కోడ్, బతికున్న తీగే దాని బ్యాకప్. ఎక్కడా తీగ లేకపోతే ఆ రకం లేదు, మళ్ళీ రాదు. సీతాఫలానికి ఈ బాధ లేదు. మేకలు దాని ఆకు ముట్టవు, గింజ పడ్డచోటే మొలుస్తుంది, గుట్ట మీద ఎవరూ చూడకపోయినా బతుకుతుంది. ద్రాక్ష మాత్రం ఎవరో ఒకరు కత్తెర పట్టుకుని కనిపెట్టుకుని ఉన్నంతకాలమే ఉంటుంది.

కాపీ చేస్తున్నప్పుడు అప్పుడప్పుడు ఎక్కడో ఒక బిట్ మారుతుంది. అలా అనాబ్-ఎ-షాహి నుంచి విడిపోయిన ఒక ఫోర్క్ కర్ణాటకలో ఉంది. పేరు దిల్‌కుష్. బెంగళూరులో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళు చాలామంది చిక్కబళ్ళాపురం వైపు నుంచి వచ్చే ఆ పెద్ద పొడుగు ద్రాక్ష తినే ఉంటారు. అది మన హైదరాబాదు ద్రాక్ష కొమ్మే. అక్కడ దాని పేరు బతికింది, ఇక్కడ అసలు పేరు మాసిపోతోంది.

ఇంకో రకం వారసులూ ఉన్నారు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు అర్క పేరుతో సంకర రకాలు తీశారు. బెంగళూరు బ్లూని అనాబ్-ఎ-షాహితో కలిపితే అర్క హన్స్ వచ్చింది. అనాబ్-ఎ-షాహిని క్వీన్ ఆఫ్ ద వైన్‌యార్డ్స్ అనే రకంతో కలిపితే అర్క సోమ, అర్క కాంచన్ వచ్చాయి. థాంప్సన్‌తో కలిపితే అర్క శ్వేత, అంగూర్ కలాన్‌తో కలిపితే అర్క చిత్ర. వీటిలో అర్క హన్స్, అర్క సోమ తెల్ల వైన్ కోసమే ఉద్దేశించినవి. తను వైన్‌కి పనికిరాని తీగ, వైన్ ద్రాక్షలకి తల్లో తండ్రో అయింది!

ఇది వింత కాదు, ద్రాక్ష చరిత్రలో ఇలా జరగడం మామూలే. దీనికి మించిన కథ ఆల్ప్స్‌లో ఉంది. స్విట్జర్లాండ్‌లో వాలే అనే కొండప్రాంతం, దాని తూర్పు భాగంలో కొద్దిమంది మాత్రమే పండించే గ్వెస్ అనే పాత తెల్ల ద్రాక్ష. ఫ్రాన్సులో దాని పేరు గువే బ్లాం. మధ్యయుగాల్లో అది బీదాబిక్కీ పండించుకునే నాసిరకం. దాన్ని నాటొద్దని కొన్నిచోట్ల నిషేధాలు కూడా పెట్టారు. చివరికి ఫ్రాన్సు తోటల్లోంచి దాదాపు మాయమైపోయింది. 1999లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం, ఫ్రాన్సులోని మాంపెల్యే శాస్త్రవేత్తలు కలిసి డీఎన్ఏ పరీక్షలు చేస్తే తేలిందేమిటంటే, ప్రపంచమంతా తాగే షార్డొనేకి ఒకవైపు పినో అయితే, రెండోవైపు ఈ గువే బ్లాం! షార్డొనే ఒక్కటే కాదు, గామే, అలిగోతేతో సహా 16 రకాలు ఆ జంట పిల్లలే. ఊరవతలికి తరిమేసిన మొక్క, సభలో కూర్చున్న వాళ్ళందరికీ తల్లిదండ్రుల్లో ఒకరన్నమాట.

ఆ పరీక్ష చేయగలిగారంటే కారణం, ఎవరికీ అక్కర్లేని ఆ తీగలు కూడా ఎక్కడో బతికే ఉన్నాయి. ఫ్రాన్సు ప్రభుత్వానికి ద్రాక్ష రకాల కోసమే ఒక తోట ఉంది. ఆ సేకరణ 1876లో మాంపెల్యేలో మొదలైంది. 1949 నుంచి సముద్రపు ఒడ్డున వస్సాల్ అనే చోట ఇసుక నేలలో పెంచారు. వేళ్ళని తినే ఫిలోక్సెరా పురుగు ఇసుకలో బతకదు కాబట్టి అక్కడ పెట్టారు. వేల రకాలున్నాయి. తమాషా ఏమిటంటే ఆ తోటకీ నేల కష్టాలు తప్పలేదు. కౌలు గొడవ ఒకటి, పైకొస్తున్న ఉప్పునీళ్ళు ఇంకొకటి. దాంతో దాన్ని గ్రువిస్సాం అనే ఇంకో చోటికి మార్చాలని నిర్ణయించారు. వేల తీగల్ని మళ్ళీ కొమ్మలు తీసి, అంటుకట్టి, నాటి, పేరు సరిచూసుకుని మార్చడమంటే ఏళ్ళ పని. డేటా సెంటర్ మైగ్రేషన్ చేసినవాళ్ళకి ఆ నొప్పి తెలుస్తుంది.

మనకీ అలాంటిదొకటి ఉంది. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం. ఇప్పుడు కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. సీజన్లో జనాన్ని రానిచ్చి రకరకాల ద్రాక్షలు చూపించి అమ్ముతారు కూడా. పుణె దగ్గర మాంజ్రీలో 1997లో ఏర్పడ్డ జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రంలోనూ రకాల సేకరణ ఉంది. కాబట్టి అనాబ్-ఎ-షాహి రేపే అంతరించిపోతుందని నేను గగ్గోలు పెట్టడం లేదు. కానీ ఒక రకం రైతు పొలం నుంచి తప్పుకుని సంస్థల తోటల్లోనే మిగిలిందంటే, దాని బతుకు బడ్జెట్ మీద, నేల ధర మీద ఆధారపడిందని అర్థం. 2024లో రాజేంద్రనగర్ వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాల భూముల్లోంచి 100 ఎకరాలు కొత్త హైకోర్టు భవనాలకి ఇచ్చారు. విద్యార్థులు ఆందోళన చేశారు. ఆ 100 ఎకరాల్లో ద్రాక్షతోట ఉందని నేననడం లేదు. నగరం మధ్యకొచ్చేసిన పరిశోధన భూమి ఎప్పుడూ ఎవరో ఒకరి కంట్లో పడుతూనే ఉంటుందంటున్నాను. కోర్టు కూడా కావలసిందే, కాదనను. కానీ ప్రొడక్షన్ సర్వర్ ఉన్న గదిలోనే ఒకే ఒక్క బ్యాకప్ పెట్టుకోమని మనలో ఎవరైనా సలహా ఇస్తామా?

పేరుని కాపాడే చట్టాలు మనకున్నాయి. భౌగోళిక గుర్తింపు నాసిక్ ద్రాక్షకి వచ్చింది, బెంగళూరు బ్లూకి వచ్చింది, తమిళనాడు కంబం పన్నీర్ ద్రాక్షకి 2023లో వచ్చింది. అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లి ఇక్కత్‌కి 2005లోనే వచ్చింది, ఆ కాగితం విలువేమిటో మనకి తెలుసు. రైతుల రకాలకి హక్కులిచ్చే చట్టం 2001 నుంచి ఉంది. కానీ కాగితం కత్తెర పట్టుకోదు. పోచంపల్లిలో మగ్గం ఆడుతోంది కాబట్టే ఆ గుర్తింపుకి అర్థం ఉంది. మోర్జేలో చూడండి, గుర్తింపు ఉంది, సహకార సంఘం ఉంది, అంతకుముందు అక్కడ తీగని వదలని మనుషులున్నారు. వరస అదే: ముందు మనుషులు, తర్వాత సంఘం, ఆ తర్వాత కాగితం.

మరి మనమేం చెయ్యాలి? మనవాళ్ళల్లో ఎంతమంది షాద్‌నగర్ వైపు, చౌటుప్పల్ వైపు, యాదగిరిగుట్ట వైపు ఫామ్ ప్లాట్లు కొనుక్కున్నారో లెక్కేసుకోండి. అందులో ఏం నాటారు? ఎర్రచందనం, శ్రీగంధం, మహా అయితే నాలుగు మామిడి మొక్కలు. సెలవుల్లో వెళ్ళి ఫొటోలు దిగొస్తాం. ఒకప్పుడు ఈ దిక్కున ద్రాక్ష పందిళ్ళు ఉండేవి. మనం కొన్న నేల కూడా వాటిలో ఒకటి అయ్యుండొచ్చు. పదెకరాల తోట వెయ్యమని ఎవరూ అనరు, అది నష్టాల బేరం. ఒక్క తీగ చాలు. నాలుగు కడీలు, పైన ఇనుప తీగలు, కింద ఒక అనాబ్-ఎ-షాహి మొక్క. నమ్మకమైన చోట అడిగి, రకం పేరు ఖాయం చేసుకుని తెచ్చుకోండి. నీళ్ళు ఉప్పగా ఉంటే డాగ్‌రిడ్జ్ వేరుమొక్క మీద అంటుకట్టింది తీసుకోండి. ఉప్పునీ, నీటి ఎద్దడినీ అది తట్టుకుంటుంది. ఎండాకాలంలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరించండి. ముసురు పడితే బోర్డో మిశ్రమం కొట్టండి. ఒక శాతం మిశ్రమానికి వంద లీటర్ల నీళ్ళకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం చొప్పున లెక్క. మీ ఒక్క చెట్టుకి అందులో కొద్ది భాగం చాలు.

పిల్లలు గింజలున్నాయని మూతి ముడుస్తారు. ముడవనివ్వండి. ఈ ద్రాక్ష రేపు ఎవరికి తల్లి అవుతుందో, ఏ తెగులుకి, ఏ ఎండకి తట్టుకునే రకానికి ఇందులోంచి కోడ్ కావలసి వస్తుందో ఇవాళ చెప్పలేం. గువే బ్లాం సంగతి తెలియడానికి కొన్ని వందల ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా ఆల్ప్స్ కొండవాలులో ఎవరో కొందరు ఏటేటా కొమ్మలు కత్తిరిస్తూనే ఉన్నారు. ఏదో గొప్ప పని చేస్తున్నామని వాళ్ళు అనుకుని ఉండరు. తాతలు నాటారు కాబట్టి ఉంచారు, అంతే. వచ్చే అక్టోబరుకి ఇంకా టైముంది. కడీలకి మాత్రం ఇప్పుడే చెప్పి పెట్టుకోండి.